ఐఎస్ఓకి ఒక్క రాత్రి, రిలీజ్‌కి దాదాపు ఎనిమిది నెలలు: మా లినక్స్ డిస్ట్రో కథ (నా అనుభవం)

2025 నవంబర్ 2న మా చిన్న లినక్స్ డిస్ట్రో (లినక్స్ మీద కట్టుకున్న మా సొంత ఆపరేటింగ్ సిస్టమ్) మొదటి వెర్షన్ బయటికొచ్చింది. పేరు చెప్పను, చెప్తే ప్రచారం కోసం రాశాడంటారు. ఐదుగురం మొదలుపెట్టాం, మధ్యలో ఒకరు వెళ్లిపోయారు, చివర్లో ఒకరొచ్చి కలిశారు, కాబట్టి లెక్కకి ఇప్పటికీ ఐదుగురమే. ఎవరికీ ఇది ఉద్యోగం కాదు, ఎవరి పనులు వాళ్లు చూసుకుని రాత్రి పదింటి తర్వాత కూర్చునేవాళ్లం. నేను మొదలుపెట్టే ముందు వెతికితే దొరికినవన్నీ "ఇదిగో ఇలా చేస్తే ఐఎస్ఓ వస్తుంది" దగ్గర ఆగిపోయేవి (ఐఎస్ఓ అంటే పెన్‌డ్రైవ్‌కి రాసి కంప్యూటర్లో వేసుకునే సిస్టమ్ ఫైల్), ఆ తర్వాత ఏమవుతుందో రాసినవాళ్లు నాకైతే కనపడలేదు. అందుకే ఇది రాస్తున్నా.

ఆలోచన పుట్టింది మార్చిలో. మార్చి 15న డెబియన్ అనే పెద్ద డిస్ట్రో 13వ వెర్షన్ (కోడ్‌నేమ్ ట్రిక్సీ) ఫ్రీజ్ మొదలైంది, అంటే ఇక కొత్త వెర్షన్లు తోయడం తగ్గించి ఉన్నవాటిని గట్టిపరిచే దశ. దాని మీద మనది కట్టుకుంటే ట్రిక్సీ రిలీజ్ అయ్యేసరికి మనమూ రెడీగా ఉంటాం అన్నది లెక్క. మా టార్గెట్ 2 జీబీ, 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లు, డెస్క్‌టాప్ తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ. మాలో ఒకతను అన్నీ సోర్స్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్) నుంచి మనమే కంపైల్ చేసుకుందాం అన్నాడు, నేను ఒక్కటే అడిగా, రేపు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో (నెట్ కనెక్షన్లని భద్రంగా ఉంచే లైబ్రరీ) బొక్క పడితే అర్ధరాత్రి లేచి ప్యాచ్ ఎవరేస్తారన్నా అని. ఎవరూ చెయ్యెత్తలేదు. డెబియన్ ఫిక్స్ అయింది.

మార్చి 22 శనివారం రాత్రి 11కి కూర్చున్నా. లైవ్-బిల్డ్ అని డెబియన్ వాళ్ల టూలే ఉంది, లైవ్ ఐఎస్ఓలు (ఇన్‌స్టాల్ చెయ్యకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిచేవి) చెయ్యడానికి. ఒక ఫోల్డర్, అందులో ఏ ప్యాకేజీలు (ప్రోగ్రామ్‌ల మూటలు) కావాలో ఒక లిస్ట్, మనం పెట్టాలనుకున్న ఫైళ్లు ఇన్‌క్లూడ్స్ అనే సబ్‌ఫోల్డర్లో, చివర్లో నడిచే హుక్ స్క్రిప్ట్‌లు, అంతే. రెండు కమాండ్లు. రెండూ నలభైకి వర్చువల్ మెషిన్లో (కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్) మా వాల్‌పేపర్‌తో డెస్క్‌టాప్ తెరుచుకుంది. స్క్రీన్‌షాట్ గ్రూపులో పెడితే అందరూ మేలుకునే ఉన్నారు. ఆ రాత్రి నేను సీరియస్‌గా రాసిన మెసేజ్ ఇంకా ఉంది: "అయిపోయింది బ్రో, వచ్చే నెల రిలీజ్ కొట్టేద్దాం." ఇప్పటికీ ఎవడికి కోపం వచ్చినా ఆ మెసేజ్‌కే రిప్లై పెడతారు.

ఇల్లు అలకగానే పండగ కాదని తర్వాతి వారమే తెలిసింది. నా నాలుగు కోర్ల మెషిన్లో ఒక్కో బిల్డ్‌కి (ఐఎస్ఓ ఒకసారి కట్టడానికి) 55 నిమిషాలు. దాంట్లో సగం సమయం చివర్లో మొత్తం ఫైల్‌సిస్టమ్‌ని స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే ఒకే కంప్రెస్డ్ ఫైల్‌గా నొక్కడానికే పోయేది, ఎందుకంటే సైజు తగ్గాలని ఎక్స్‌జెడ్ కంప్రెషన్ పెట్టా. టెస్ట్ బిల్డ్‌లకి జెడ్‌స్టాండర్డ్ పెట్టుకుంటే ఐఎస్ఓ కాస్త లావవుతుంది గానీ టైం బాగా తగ్గుతుందని మూడు వారాల తర్వాత తెలిసింది, ఆ మూడు వారాలూ మెనూలో ఒక్క అక్షరం మార్చినా గంటసేపు గోడ చూస్తూ కూర్చున్నా. ఇంకోటి, మొదటి వారం ప్రతి బిల్డ్‌కీ ప్యాకేజీలన్నీ నెట్ నుంచి మళ్లీ దిగుతున్నాయని గమనించలేదు, నెల డేటా ఎనిమిది రోజుల్లో అయిపోయింది. ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ అని ఒకటి ఇన్‌స్టాల్ చేసుకుంటే ఒకసారి దిగినవి లోకల్‌గా ఉండిపోతాయి. మొదటి రోజే పెట్టుకోండి. మొత్తం మీద 300 పైన బిల్డ్‌లు చేశాం, సగం నావే.

ఏప్రిల్ అంతా గొడవతో పోయింది, టెక్నికల్ గొడవ కూడా కాదు. పాత ల్యాప్‌టాప్‌ల కోసం అని మొదలుపెట్టాం కదా, పాతవి అంటే ఎంత పాతవి? ఇద్దరు 32-బిట్ కూడా ఉండాల్సిందే అన్నారు. కానీ డెబియన్ 13లో ఐ386కి, అంటే 32-బిట్‌కి, ఇన్‌స్టాలరూ లేదు, కెర్నలూ (సిస్టమ్ గుండెకాయ) లేదు, 64-బిట్ సిస్టమ్ మీద పాత ప్రోగ్రామ్‌లు నడుపుకోడానికి మాత్రమే ఆ ప్యాకేజీలు ఉంచారు. 32-బిట్ కావాలంటే కెర్నల్ మనమే కట్టాలి, జీవితాంతం సెక్యూరిటీ ప్యాచ్‌లు మనమే వెయ్యాలి. లేదంటే డెబియన్ 12 మీదే ఉండిపోవాలి. మూడు వారాలు ఇదే నడిచింది, రాత్రి కాల్స్, మధ్యలో ఓటింగ్, ఓటింగ్ ఎలా పెట్టాలన్న దాని మీద ఇంకో ఓటింగ్. చివరికి 3-2తో 64-బిట్ మాత్రమే అని తేలింది, ఏప్రిల్ 27న ఆ ఇద్దరిలో ఒకతను "నేను వచ్చిందే దానికోసం" అని గ్రూపు వదిలి వెళ్లిపోయాడు. అతను చెప్పింది తప్పు కాదు. మేము చేసిందీ తప్పు కాదనే అనుకుంటున్నా. కానీ నాలుగేళ్ల పరిచయం, ఆ రాత్రి బిల్డ్ పెట్టి కూడా చూడకుండా పడుకున్నా. ఏదైనా కమ్యూనిటీ ప్రాజెక్ట్ మొదలుపెట్టేవాళ్లు కోడ్ కంటే ముందు "ఏం చెయ్యం" అన్నది ఒక పేజీ రాసుకోండి, మేము రాసుకోలేదు.

పేరు, లోగో గురించి పెద్దగా చెప్పేదేం లేదు, మూడు వారాలు పట్టింది, పట్టకూడదు. ఒక్కటి మాత్రం ఆశ్చర్యపోయా: ఓఎస్-రిలీజ్ అనే చిన్న ఫైల్ ఉంటుంది, సిస్టమ్ పేరు అందులో రాస్తారు. ఉత్సాహంగా అందులో అన్నీ మార్చేశాం, కోడ్‌నేమ్ కూడా. దాంతో బయటి సాఫ్ట్‌వేర్ల ఇన్‌స్టాల్ స్క్రిప్ట్‌లు ఒకటొకటిగా చావడం మొదలెట్టాయి, ఎందుకంటే అవి ఆ ఫైల్ చదివి ఆ పేరుతో వాళ్ల రెపోలో (ప్యాకేజీలు పెట్టే సర్వర్) ఫోల్డర్ వెతుకుతాయి, మన పేరుతో ఎవరి దగ్గర ఫోల్డర్ ఉంటుంది? చివరికి పేరు మాది ఉంచి, "దీని మూలం డెబియన్" అనే లైన్ చేర్చి, కోడ్‌నేమ్ ట్రిక్సీ అనే వెనక్కి పెట్టేశాం. అయినా కొన్ని స్క్రిప్ట్‌లు పేరు మాత్రమే చూస్తాయి, వాటికి ఇప్పటికీ మందు లేదు.

మే, జూన్, జులై మొత్తం ఇన్‌స్టాలర్. కలమారెస్ అనే రెడీమేడ్ ఇన్‌స్టాలర్ వాడాం, చాలా డిస్ట్రోలు వాడేది అదే. పైకి ఐదారు స్క్రీన్లు కనిపిస్తాయి, భాష, కీబోర్డ్, పార్టిషన్, యూజర్ పేరు, అంతే. వెనకాల మాడ్యూళ్ల వరస ఉంటుంది, ఏది ముందు ఏది తర్వాత అన్నది మనమే రాయాలి. పార్టిషన్ చేసి, మౌంట్ చేసి, స్క్వాష్‌ఎఫ్‌ఎస్‌ని డిస్క్ మీదికి విప్పేస్తుంది. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, లైవ్ ఐఎస్ఓలో ఏదుంటే అది మొత్తం యూజర్ డిస్క్ మీదికి వెళ్లిపోతుంది, మన చెత్తతో సహా. మొదట్లో ఇన్‌స్టాల్ అయిన సిస్టమ్‌లో కూడా డెస్క్‌టాప్ మీద "ఇన్‌స్టాల్ చేయండి" ఐకాన్ అలాగే ఉండేది, నవ్వుకున్నాం. లైవ్‌కి సంబంధించిన ప్యాకేజీలు చివర్లో తీసేసే మాడ్యూల్ పెట్టి, సమస్య తీరిపోయిందనుకున్నాం. తీరలేదు, ఆ సంగతి నవంబర్లో.

ఆగస్టు 9న డెబియన్ 13 రిలీజ్ అయింది. ఆ రోజు మేమూ పండగ చేసుకున్నాం గానీ రిలీజ్ నోట్స్ కూర్చుని పూర్తిగా చదివితే మాకు కావాల్సినవి అందులోనే దాక్కుని ఉన్నాయి. టెంప్ ఫోల్డర్ (తాత్కాలిక ఫైళ్లు ఉండేది) ఇక డిస్క్ మీద కాకుండా ర్యామ్‌లో ఉంటుందట, డిఫాల్ట్‌గా ర్యామ్‌లో సగం దాకా పెరగొచ్చు. 16 జీబీ వాళ్లకి పట్టదు. మాది 2 జీబీ మెషిన్ల కోసం! ఎవరైనా పెద్ద జిప్ ఫైల్ విప్పితే ఉన్న ర్యామ్‌లో సగం అదే తినేస్తుంది. నెలరోజులుగా టెస్టర్ ఒకతను "అప్పుడప్పుడు ఫ్రీజ్ అవుతోంది అన్నా" అంటుంటే పాత మెషిన్ కదా అని కొట్టిపారేశాం, అదే కారణం. ఆ మౌంట్‌ని మాస్క్ చేసి (అంటే ఆపేసి) పాత పద్ధతికి తెచ్చి, జెడ్‌ర్యామ్ (ర్యామ్‌లో ఉన్నదాన్ని కుదించి చోటు మిగిల్చేది) పెడితే అతని మెషిన్ మళ్లీ ఫ్రీజ్ కాలేదు. అలాగే ఆప్ట్-కీ అనే పాత కమాండ్ ట్రిక్సీలో అసలు లేదు, మేము చూసి నేర్చుకున్న గైడ్‌లలో సగం రెపో కీ (రెపోని సిస్టమ్ నమ్మడానికి కావాల్సింది) దాంతోనే పెట్టమంటాయి.

సెప్టెంబర్ 6న 13.1 పాయింట్ రిలీజ్ (చిన్న సవరణల వెర్షన్) వచ్చింది, దాని మీద కట్టి సెప్టెంబర్ 14న బీటా వదిలాం. మొదటి వారం 63 డౌన్‌లోడ్‌లు, 19 కంప్లయింట్లు. అందులో 11 బగ్గులే కావు, ఐఎస్ఓ ఫైల్‌ని మామూలు ఫైల్లా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ పేస్ట్ చేసి బూట్ అవట్లేదన్నవాళ్లు. మొదట విసుగొచ్చింది, తర్వాత మా డౌన్‌లోడ్ పేజీ మళ్లీ చదివితే "పెన్‌డ్రైవ్‌కి రాసుకోండి" అని ఒక్క ముక్క ఉంది, ఎలా రాసుకోవాలో లేదు. మాకు తెలిసినదంతా అందరికీ తెలుసనుకున్నాం. ఆ పేజీ నాలుగుసార్లు తిరగరాశాం, ప్రతిసారీ కంప్యూటర్ అంతగా తెలియని ఒకరి చేత చదివించి, వాళ్లు ఎక్కడ ఆగారో చూసి. ఎనిమిది నెలల్లో నేను చేసిన పనుల్లో అన్నిటికంటే లాభం వచ్చింది అదేనేమో.

బీటాలో నిజమైన కంప్లయింట్ ఒకటే ఎక్కువ వచ్చింది, సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే మొదలవ్వనిచ్చే సెట్టింగ్) ఆఫ్ చెయ్యకపోతే ఎక్కట్లేదని. సెక్యూర్ బూట్‌లో బూట్ అవ్వాలంటే షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్‌కి మైక్రోసాఫ్ట్ సంతకం ఉండాలి. మన సొంత షిమ్‌కి సంతకం కావాలంటే బయట అందరి ముందు రివ్యూకి పెట్టాలి, కీ హార్డ్‌వేర్‌లో భద్రంగా ఉందని చూపించాలి, మాలాంటి నలుగురికి అది అయ్యే పని కాదు. కాబట్టి సంతకాలు ఉన్న డెబియన్ వాళ్ల షిమ్, గ్రబ్ (బూట్ మెనూ చూపించే ప్రోగ్రామ్), కెర్నల్ మూడింటినీ ముట్టుకోకుండా అలాగే వాడుకోవాలి. సింపుల్ కదా, రెండు ప్యాకేజీలు లిస్టులో చేర్చడమే. చేర్చి అక్టోబర్ 5న ఆర్‌సీ (ఫైనల్‌కి ముందు ఆఖరి ట్రయల్ వెర్షన్) వదిలాం, 19న ఫైనల్ అని డేట్ కూడా చెప్పేశాం.

6వ తారీకు పొద్దున లేచేసరికి నాలుగు మెసేజ్‌లు, నాలుగింటిలోనూ ఒకే ఫోటో. నల్ల స్క్రీన్, పైన "గ్రబ్" అని ఒక్క పదం, పక్కన కర్సర్ మిణుకుమిణుకు. ఇన్‌స్టాల్ సక్సెస్ అంటుంది, రీస్టార్ట్ చేస్తే ఇది. మా నలుగురి మెషిన్లలో మాత్రం చక్కగా ఎక్కుతోంది. తొమ్మిది రోజులు. తొమ్మిది రోజులు తల ప్రాణం తోకకొచ్చింది. వాళ్ల ల్యాప్‌టాప్ మోడళ్లు, బయోస్ వెర్షన్లు, డిస్క్ రకాలు అన్నీ టేబుల్ వేసి ఏదో సంబంధం కోసం వెతికా, ఏ సంబంధమూ లేదు. 14వ తారీకు రాత్రి ఒక టెస్టర్ మామూలుగా అడిగింది, "మీ మెషిన్లలో ముందు ఏముండేది అన్నా?" ఏముంటుంది, డెబియన్. నలుగురివీ డెబియనే, పక్కన ఖాళీ పార్టిషన్లో మాది వేసుకుని టెస్ట్ చేస్తున్నాం. వాళ్లవి నాలుగూ విండోస్ మెషిన్లు.

సంగతేంటంటే, డెబియన్ సంతకం చేసిన గ్రబ్ లోపల "నా కాన్ఫిగ్ ఫైల్ ఈఎఫ్ఐ అనే బూట్ పార్టిషన్లో డెబియన్ అనే ఫోల్డర్లో ఉంటుంది" అని ముందే రాసేసి ఉంటుంది. మార్చడానికి లేదు, మారిస్తే సంతకం పోతుంది. మేము కలమారెస్‌లో ఆ ఫోల్డర్‌కి ముచ్చటగా మా డిస్ట్రో పేరు పెట్టుకున్నాం. బీటా వరకు సంతకం లేని గ్రబ్ అక్కడికక్కడే తయారయ్యేది కాబట్టి సరైన చోటే వెతికేది. ఆర్‌సీలో సంతకం ఉన్నది వచ్చి డెబియన్ ఫోల్డర్ కోసం చూసింది. మా మెషిన్లలో పాత డెబియన్ ఫోల్డర్ ఉంది, దాని మెనూ ఎక్కింది, ఆ మెనూలో మాదీ కనపడింది, మేము చంకలు గుద్దుకున్నాం. ఆ ఫోల్డర్ లేని మెషిన్లో గ్రబ్ బిక్కమొహం వేసుకుని కూర్చుంది. మరి వర్చువల్ మెషిన్లో ఎందుకు దొరకలేదంటే మావన్నీ డిఫాల్ట్‌గా పాత బయోస్ మోడ్‌లో నడుస్తున్నాయి, యూఈఎఫ్ఐ (కొత్త మెషిన్ల బూట్ పద్ధతి) కోసం ఓవీఎంఎఫ్ అనేది విడిగా పెట్టాలి, ఎవరూ పెట్టలేదు.

పరిష్కారం ఒక్క పదం. ఫోల్డర్ పేరు మళ్లీ డెబియన్. దానికీ ఒక నష్టం ఉంది, పక్కనే నిజమైన డెబియన్ ఉన్నవాళ్లకి ఆ ఫోల్డర్ మీద మాది ఎక్కి కూర్చుంటుంది, ఫర్మ్‌వేర్ మెనూలో కూడా మా పేరుండదు. ముందు నుయ్యి వెనక గొయ్యి. డెబియన్ పక్కన వేసుకునేవాడికి గ్రబ్ సరిచేసుకోవడం వస్తుంది, విండోస్ నుంచి కొత్తగా వచ్చేవాడికి రాదు, అందుకని వాడి వైపే నిలబడ్డాం. ఈలోపు ఇరుక్కున్న ఆ నలుగురికి ఫోన్లోనే చెప్పి, గ్రబ్ దగ్గర కాన్ఫిగ్‌ఫైల్ కమాండ్‌తో వాళ్ల పార్టిషన్లోని గ్రబ్ ఫైల్ చూపించి ఎక్కించాం, ఒకాయనకి గంటన్నర పట్టింది, ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు. రిలీజ్ 19 నుంచి నవంబర్ 2కి జరిగింది.

ఆ రెండు వారాల్లో ఎవరూ చెప్పని పనులు మీద పడ్డాయి. రెపో సంతకం కీ ఒకటి, అప్‌డేట్లు మావే అని దాంతోనే తేలుతుంది. మెయిన్ కీ నెట్‌కి తగలని పాత ల్యాప్‌టాప్‌లో తయారుచేసి రెండు పెన్‌డ్రైవ్‌లలో పెట్టి ఇద్దరి దగ్గర ఉంచాం, సర్వర్ మీద ఉండేది దాని సబ్‌కీ (దాని కింద పనిచేసే చిన్న కీ) మాత్రమే. రద్దు సర్టిఫికెట్ (కీ వేరేవాళ్ల చేతిలో పడితే ఇక చెల్లదని చెప్పడానికి) కాగితం మీద ప్రింట్ తీసి పెట్టా. కీకి రెండేళ్ల గడువు పెట్టాం, గడువు తీరేలోపు కొత్త కీ అప్‌డేట్ ద్వారా అందరికీ చేరకపోతే ఆ రోజు నుంచి మా రెపో అప్‌డేట్లు ఎవరికీ రావు, నలుగురి ఫోన్లలోనూ రిమైండర్లు ఉన్నాయి.

రెండోది సోర్స్. జీపీఎల్ అనే లైసెన్స్ ప్రకారం బైనరీలు (కంపైల్ అయిన ప్రోగ్రామ్‌లు) పంచితే వాటి సోర్స్ కూడా అందుబాటులో ఉంచాలి, డెబియన్ దగ్గర ఉందిలే అని చెయ్యి దులుపుకోకూడదు అని మాలో ఒకరు పట్టుబట్టారు, కరెక్టే. లైవ్-బిల్డ్‌లో దానికి ఆప్షన్ ఉంది, కొట్టి చూస్తే ఐఎస్ఓ 1.9 జీబీ అయితే సోర్స్ దాదాపు 6 జీబీ! సర్వర్ డిస్క్ సరిపోలేదు, పెద్దది తీసుకున్నాం, ఖర్చు నలుగురం పంచుకున్నాం. అప్‌లోడ్ నా ఇంటి కనెక్షన్ నుంచి రాత్రంతా నడిచి 92 శాతం దగ్గర తెగిపోయింది. మధ్యలో తెగితే అక్కణ్ణుంచే మొదలయ్యేలా ఆర్‌సింక్ అనే కాపీ టూల్‌కి ఆప్షన్ ఉంటుందని తెలుసు, ఆ రాత్రి వాడటం మర్చిపోయా, ఏం చేస్తాం.

మూడోది ఆ 1.9. అది ఊరికే అంత రాలేదు. ఐఎస్ఓ ఒక కాపీ గిట్‌హబ్ (కోడ్ పెట్టుకునే సైట్) రిలీజ్‌లలో పెడదామనుకున్నాం, అక్కడ ఒక్కో ఫైల్ 2 జీబీ లోపే ఉండాలి. మాది 2.3 ఉంది. తగ్గించడానికి ఆప్ట్ (డెబియన్‌లో ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే టూల్) "రికమెండ్స్" అంటే తప్పనిసరి కాకపోయినా వెంట వచ్చే ప్యాకేజీలన్నిటినీ ఆపేశా. ఒక్క దెబ్బకి 400 ఎంబీ తగ్గింది, అందరూ మెచ్చుకున్నారు. ఈ లైన్ కూడా గుర్తుంచుకోండి.

నవంబర్ 2 ఆదివారం, సాయంత్రం 6కి వదిలాం. చెక్‌సమ్ ఫైల్ (డౌన్‌లోడ్ తేడా లేకుండా వచ్చిందో లేదో సరిచూసుకోడానికి), దాని మీద సంతకం, టొరెంట్, సోర్స్, రిలీజ్ నోట్స్ అన్నీ మూడుసార్లు చూసుకుని బటన్ నొక్కా. ఏదో అవుతుందనుకున్నా. ఏమీ అవలేదు. మొదటి గంటలో నాలుగు డౌన్‌లోడ్‌లు, అందులో రెండు మావే. డిస్ట్రోవాచ్ అనే డిస్ట్రోల సైట్‌కి కూడా పంపాం, అక్కడ కొత్తవాటికి వెయిటింగ్ లిస్ట్ ఉంటుంది. రాత్రి పదకొండింటికి ఎవరో తెలియని వ్యక్తి వాళ్ల అమ్మ వాడే పాత ల్యాప్‌టాప్ ఫోటో పెట్టారు, స్క్రీన్ మీద మా వాల్‌పేపర్. దాన్ని ఎంతసేపు చూశానో తెలీదు.

నవంబర్ 4, మంగళవారం. ఆ "ముందు ఏముండేది" అని అడిగిన టెస్టరే, ఈసారి గ్రూపులో కాకుండా నాకు ఒక్కడికే మెసేజ్ పెట్టింది: "అన్నా, సుడో కొడితే పాస్‌వర్డ్ అడగట్లేదు, కావాలనే పెట్టారా?"

కాళ్ల కింద నేల కదిలింది. సుడో అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారంతో కమాండ్ నడపడం, పాస్‌వర్డ్ అడగాల్సిందే. ఏప్రిల్లో టెస్టింగ్ చేస్తూ పదే పదే పాస్‌వర్డ్ కొట్టలేక సుడో గ్రూపులో ఎవరినీ పాస్‌వర్డ్ అడగొద్దని ఒక్క లైన్ ఫైల్ ఇన్‌క్లూడ్స్ ఫోల్డర్లో పెట్టింది నేనే. ఐఎస్ఓలో ఉన్నదంతా డిస్క్ మీదికి వెళ్తుందని పైన అంత జ్ఞానంగా రాశా కదా, నా ఫైలే వెళ్లింది. బీటాలో ఉంది, ఆర్‌సీలో ఉంది, ఏడు నెలలు ఎవరూ చూడలేదు, ఎందుకంటే అడగకపోతే ఎవరు గమనిస్తారు. అప్పటికి 212 డౌన్‌లోడ్‌లు. వాళ్లలో ఎంతమంది ఇన్‌స్టాల్ చేశారో తెలియదు, మేము యూజర్ల మీద నిఘా లాంటిదేం పెట్టలేదు, దాని గురించి గొప్పగా కూడా చెప్పుకున్నాం.

ఐఎస్ఓ లింక్ అప్పుడే తీసేశాం. కొత్త ఐఎస్ఓ కట్టడం గంట పని. అసలు చిక్కు ఆల్రెడీ వేసుకున్నవాళ్లది. ఆ ఫైల్ ఏ ప్యాకేజీకీ చెందదు, గాల్లోంచి వచ్చింది, కాబట్టి అప్‌డేట్ చేస్తే దానంతటది పోదు. అదృష్టం బాగుండి మా సెట్టింగ్స్ అని ఒక చిన్న ప్యాకేజీ అందరిలోనూ ఉంది, వాల్‌పేపర్ కోసం పెట్టింది. దాని కొత్త వెర్షన్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఆ ఫైల్‌ని వెతికి తీసేసేలా స్క్రిప్ట్ రాశాం. అది కూడా గుడ్డిగా తీసెయ్యకూడదు, యూజర్ దాన్ని తనకు కావాల్సినట్టు మార్చుకుని ఉండొచ్చు, అందుకని చెక్‌సమ్ సరిగ్గా మా ఫైల్‌దే అయితేనే తీస్తుంది, లేదంటే హెచ్చరిక చూపిస్తుంది. రాత్రి 12:30కి 1.0.1 వెళ్లింది. పైన పెద్ద అక్షరాలతో ఏం జరిగిందో, ఎవరివల్ల జరిగిందో రాశాం. "నా వల్ల" అనే రాశా. మాలో ఒకతను అంత వివరంగా వద్దు, పరువు పోతుంది అన్నాడు, ఆ విషయంలో ఈసారి ఓటింగ్ పెట్టలేదు. తిట్లు వస్తాయనుకుంటే మూడే వచ్చాయి, ఇద్దరు థాంక్స్ చెప్పారు. అప్పటి నుంచి ఇన్‌క్లూడ్స్ ఫోల్డర్ ఖాళీ, ఏ ఫైల్ అయినా ప్యాకేజీలోంచే రావాలి.

పది రోజులు ప్రశాంతం. నవంబర్ 15న డెబియన్ 13.2 వచ్చింది, కొత్త కెర్నల్‌తో. 16న పొద్దున "అప్‌డేట్ చేశా, వైఫై మాయం" అని మొదలైంది. కొన్ని పాత వైఫై చిప్‌లకి డ్రైవర్ డీకేఎంఎస్ అనే టూల్ ద్వారా యూజర్ మెషిన్లోనే కంపైల్ అవ్వాలి, దానికి కెర్నల్ హెడర్లు (డ్రైవర్ కట్టడానికి వాడే కెర్నల్ ఫైళ్లు) కావాలి. మామూలుగా హెడర్ల మెటాప్యాకేజీ ఉంటే కొత్త కెర్నల్‌తో పాటు కొత్త హెడర్లు వాటంతటవే వస్తాయి. ఆ మెటాప్యాకేజీ రికమెండ్స్‌లో వచ్చేది. నేను ఆపేసిన రికమెండ్స్‌లో. బిల్డ్ ఫెయిల్ అవుతోందని మాలో ఒకరు అప్పటి కెర్నల్ హెడర్లు మాత్రం వెర్షన్ నంబర్‌తో సహా చేత్తో చేర్చారు, ఐఎస్ఓలో అంతా బానే పనిచేసింది, మొదటి కెర్నల్ మారేదాకా. 400 ఎంబీ మిగిల్చినందుకు ఇదీ బహుమతి.

వైఫై లేనివాడికి "ఈ ప్యాకేజీ డౌన్‌లోడ్ చేసుకో" అని ఎలా చెప్తాం? రెండు దారులు చెప్పాం: బూట్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్ ఎంచుకుంటే వైఫై తిరిగొస్తుంది, లేదా ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, తర్వాత మామూలుగా అప్‌డేట్ చేసుకుంటే సెట్టింగ్స్ ప్యాకేజీయే ఇప్పుడు హెడర్ల మెటాప్యాకేజీని వెంట తెచ్చుకుంటుంది. రెండు రోజుల్లో అందరిదీ సర్దుకుంది, అందరిదీ అంటే మాకు చెప్పినవాళ్లది. చెప్పకుండా పెన్‌డ్రైవ్ పెట్టి వేరే డిస్ట్రో వేసుకున్నవాళ్ల లెక్క ఎవరికి తెలుసు. రికమెండ్స్ మళ్లీ ఆన్ చేశాం, ఐఎస్ఓ 2.3 జీబీ, గిట్‌హబ్‌లో ఇక పెట్టట్లేదు, మా సర్వరూ టొరెంటూ చాలు.

ఖర్చు సంగతి అడుగుతారు కాబట్టి: డబ్బు అనుకున్నంత పోలేదు, డొమైన్, చిన్న సర్వర్, అంతే, నలుగురికి పంచితే తెలియదు. పెన్‌డ్రైవ్‌లు మాత్రం ఆరింటిలో రెండు రాసీ రాసీ చచ్చిపోయాయి. పోయింది నిద్ర. అక్టోబర్లో అయితే నేను ఇంట్లో ఉన్నానన్న మాటే గానీ లేను.

ఆ టెస్టర్ నవంబర్ 20న టీంలో ఐదో మనిషిగా చేరింది, కీ ఉన్న రెండో పెన్‌డ్రైవ్ ఇప్పుడు ఆమె దగ్గరే ఉంది. చేరగానే చేసిన మొదటి పని, రిలీజ్‌కి ముందు చూడాల్సినవి అని 41 లైన్ల లిస్ట్ రాసింది. ఒకటో లైన్: "ఈ మెషిన్లో ఇంతకుముందు డెబియన్ ఉందా? ఉంటే వేరే మెషిన్ తీసుకో." రెండో లైన్ సుడో. వెళ్లిపోయిన అతను పోయిన వారం మెసేజ్ పెట్టాడు, 64-బిట్ మెషిన్ ఒకటి దొరికిందట, మాదే వేశాడట, వాల్యూమ్ బటన్లు పనిచెయ్యట్లేదట. బగ్ నంబర్ 118, నేనే తీసుకున్నా.